శ్రీమతి కొసరు

గ్రైండరు తిరుగుతున్నంతసేపూ సత్యవేణి చేతిలో అప్పడాల కర్ర ఉంటుంది. అది అప్పడాలు ఒత్తడానికి కాదు, కూతుర్ని కొట్టడానికి.

కరెంటు పట్టుకున్న మనిషిని ఉత్త చేత్తో లాగితే లాగినవాళ్ళు కూడా పోతారని, ఎండుకర్రతో గట్టిగా ఒక్కటిచ్చి విడదీయాలని ఆవిడ ఎవరో చెప్పగా విన్నది. అప్పట్నుంచి హారిక గ్రైండర్లో పిండి తోస్తుంటే తను రెండడుగుల దూరంలో కర్ర పట్టుకుని నిలబడుతుంది. హారిక కాళ్ళకి రబ్బరు చెప్పులు, చెప్పుల కింద చెక్కపీట. అయినా సత్యవేణికి నమ్మకం లేదు. పిల్ల ఒక్క క్షణం కదలకుండా ఉంటే చాలు, కర్ర లేస్తుంది.

"ఆలోచించుకుంటున్నానమ్మా, కరెంటు కాదు" అని హారిక ముందే చెప్పుకోవాల్సి వచ్చేది.

నిడదవోలు స్టేషన్ రోడ్డులో సత్యవేణి ఇడ్లీపిండి, దోసెలపిండి అమ్ముతుంది. భర్త ఒరిస్సా లైన్లో లారీ నడుపుతాడు కాబట్టి ఫోను మోగితే ఒక భయం, మోగకపోతే ఇంకో భయం. పొద్దున్న ఆరింటికల్లా గిన్నెలు పట్టుకుని డెబ్భై మంది దాకా వస్తారు. మూడు గరిటెలు అడిగితే మూడూ కొలిచి పోసి, గిన్నె వెనక్కి తీసుకునేలోపు ఇంకో అర గరిటె వంచుతుంది. అది కొసరు. దానికి డబ్బులుండవు. నోరు తెరిచి అడగనక్కర్లేదు, గిన్నె ఓ క్షణం అలా పట్టుకుని ఉంటే చాలు. అత్తగారు రోట్లో రుబ్బి అమ్మిన రోజుల నుంచీ ఆ అర గరిటె అలా పడుతూనే ఉంది, జనం అలా వస్తూనే ఉన్నారు.

గ్రైండరు మాత్రం ముసలిదైపోయింది. ఎలక్ట్రీషియన్ సూర్యం టెస్టరు పెట్టి నాలుగు వైపులా చూశాడు. నాలుగు వైపులా లైటు వెలిగింది.

"దీని ఒళ్ళంతా కరెంటే అక్కా. నేను రిపేరు చేసి వెళ్ళాక పాపకేమన్నా అయితే నన్నంటావు. కొత్తది కొను, నలభై వేలవుద్ది."

'పాపకేమన్నా అయితే' అన్న ముక్క సత్యవేణి చెవిలో పడ్డాక ఇక మిగతావేవీ పడలేదు. మర్నాడు పది గంటలకి బ్యాంకు తలుపు తీసేసరికి ఆవిడ మెట్ల మీదే ఉంది.

ఆ బ్యాంకులో అప్పటికి నెల రోజులుగా పొదుపు రాజ్యమేలుతోంది. వచ్చినవాళ్ళు కూర్చుంటే అరుగుతున్నాయని కుర్చీలు తీసేశారు. కౌంటరు దగ్గర తాడుకి కట్టిన పెన్ను తీసేసి తాడు ఉంచారు. గోడ మీద 'ఖర్చు లేని చేతికే రుణం' అని పెద్దక్షరాలతో రాసిన అట్ట వేలాడుతోంది. దాని కిందే మేనేజరు పరాంకుశరావుగారు, ఆగిపోయిన ఫ్యాను కింద చెమట తుడుచుకుంటూ.

"నిరుడైతే దుకాణం చూసి ఇచ్చేసేవాళ్ళం సత్యవేణమ్మా. ఇప్పుడు పైనుంచి వ్యయ క్రమశిక్షణా విధానం అమల్లోకి వచ్చింది. చిరువ్యాపారి తన వ్యయాన్ని అదుపులో పెట్టుకున్నట్టు మూడు నెలలు నిరూపించుకుంటేనే రుణార్హత."

"అంటే ఏంటండి?"

"ఖర్చులు తగ్గించుకోవాలి."

"గ్రైండరు కొనడం ఖర్చేనాండి?"

"ముమ్మాటికీ ఖర్చే."

"మరి అప్పు ఎవరికిస్తారండి?"

"ఖర్చు చేయనివాళ్ళకి" అన్నారు మేనేజరుగారు. "ఖర్చు చేసేవాడికి అప్పిస్తే ఆ అప్పు కూడా ఖర్చు చేసేస్తాడు కదమ్మా. పైవాళ్ళు దీని మీద రెండేళ్ళు అధ్యయనం చేశారు."

వాళ్ళు దీని మీదే రెండేళ్ళు చదివారు. తను చదివింది ఏడో తరగతి. ఇచ్చిన దరఖాస్తు పుచ్చుకుని ఇంటికొచ్చింది.

దరఖాస్తు పదకొండు పేజీలు. హారిక రాస్తుంటే తల్లి పక్కన కూర్చుని ఒక్కో అక్షరాన్నీ పామును చూసినట్టు చూసింది. పద్నాలుగో ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది. 'ప్రతిఫలం చెల్లించకుండా మీ వ్యాపారం నుండి సరుకు పోవుటకు కారకులు ఎవరు?'

"ఎవరూ లేరని రాసేస్తానమ్మా."

"కొసరు పోతుంది కదే."

"కొసరు గురించి వాళ్ళకెందుకు?"

"కింద చూడు ఏం రాశాడో. తప్పుడు సమాచారమిచ్చినచో చట్టరీత్యా శిక్షార్హులు. దస్తూరీ నీది. రేపు వచ్చి నిన్నే తీసుకుపోతారు. రాయి, కొసరు."

హారిక 'కొసరు' అని రాసింది. పక్క గడిలో ఎంత పోతుందో రాయమంటే, లెక్క తక్కువ చెబితే అదో నేరమని సత్యవేణి భయపడి 'రోజుకు మూడు లీటర్లు' అని రాయించింది.

పది రోజులకి జిల్లా ఆఫీసు నుంచి వ్యయ పరిశీలనాధికారి ఫణిభూషణ్ వచ్చాడు. పుట్టింది ఎక్కడో గాని చదివిందంతా హైదరాబాదులో హాస్టళ్ళలో. తెలుగు మాట్లాడతాడు, కాగితాల్లో ఉండే తెలుగు. పలక లాంటి కంప్యూటరు ఒకటి మోచేతి మీద పెట్టుకుని గ్రైండరు పక్కనే నిలబడ్డాడు. సత్యవేణి చూపంతా అతని చేతికీ గ్రైండరుకీ మధ్య ఉన్న జానెడు జాగా మీదే ఉంది. కాళ్ళకి తోలు బూట్లు. నేల తడిగా ఉంది. ఆఫీసరు తన ఇంట్లో పోతే ఎన్నేళ్ళు వేస్తారో అన్న ఆలోచనలో ఉండి, అతను అడిగినవాటికి సగం మనసుతోనే జవాబు చెప్పింది.

"కొసరు ఎంతకాలంగా ఉన్నారు?"

ఆఫీసర్లు దేనికైనా మర్యాదే ఇస్తారు కాబోలనుకుంది. "మా అత్తగారి కాలం నుంచీ ఉందండి."

"అనుభవం అధికం" అని రాసుకున్నాడు. "జీతం?"

"కొసరుకి జీతమేంటండీ, ఉత్తినే."

"ప్రస్తుతం లోపల ఉన్నారా?"

"ఇప్పుడెక్కడుంటుందండి, పొద్దున్నే అయిపోయింది."

"ఉదయం మాత్రమే. రోజుకు మూడు లీటర్ల పిండి?"

"అంతా పోతుందండి. ఒక్కోనాడు ఇంకాస్త ఎక్కువే."

అతను కనుబొమలెత్తి, 'ఆరోగ్యవంతురాలు' అని రాసుకున్నాడు. తర్వాత కాస్త విశ్రాంతిగా చెయ్యి గ్రైండరు మీద ఆనించాడు.

సత్యవేణికి ఎన్నాళ్ళుగానో అలవాటైన పని కావడంతో ఆలస్యం జరగలేదు. అప్పడాల కర్ర మోచేతి మీద పడింది, కంప్యూటరు పిండి తొట్టిలో పడింది, ఆఫీసరు చెక్కపీట మీద పడ్డాడు. హారిక మంచినీళ్ళు తెచ్చింది. అతను గ్లాసు ఖాళీ చేసి అన్నాడు.

"ఇందాక నాకు తగిలింది విద్యుత్తు."

"తెలుసండి. అందుకే కొత్తది కావాలంటన్నానండి. రోజూ నా కూతురు ఆ చోటే నిలబడుతుందండి."

"అది కాదు. అది మీ మీటరులోంచి వచ్చిన విద్యుత్తు. అంటే మీరు డబ్బు చెల్లించిన విద్యుత్తు, పిండి రుబ్బకుండా మనుషులకు తగులుతోంది. ఇది శుద్ధ వృథా. రోజుకు ఎంతమందికి తగులుతుందో లెక్క రాస్తున్నారా?"

సత్యవేణి రాయడం లేదని ఒప్పుకుంది. అతను దాన్ని కూడా లోపం కిందే జమకట్టి, పిండి కారుతున్న కంప్యూటరు తీసుకుని, మోచెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు.

వారానికి ఉత్తర్వు వచ్చింది. గ్రైండరు నుంచి మనుషుల్లోకి పోతున్న విద్యుత్తును అరికట్టేందుకు రోజుకు గంటకు మించి తిప్పరాదని, 'సదరు కొసరును తక్షణం తొలగించి ధ్రువపత్రం సమర్పించాలని' అందులో ఉంది. సత్యవేణి 'తొలగించితిని' అని కూతురి చేత రాయించి, తను సంతకం పెట్టి ఇచ్చింది. ఆ సాయంత్రమే ఉత్తర్వుకి పసుపు రాసి దేవుడి పటాల వెనక పెట్టింది.

మర్నాడు పొద్దున్న మాస్టారి భార్య భాస్కరమ్మ మూడు గరిటెలు పోయించుకుని గిన్నె అలాగే పట్టుకుని నిలబడింది. సత్యవేణి గరిటె గంగాళం అంచుకి తగిలించేసింది.

"ఏమే, చెయ్యి నొప్పా?"

"లేదు పిన్నిగారూ. బ్యాంకువాళ్ళు కొసరు వెయ్యొద్దన్నారండి."

"బ్యాంకువాళ్ళు మా ఇంట్లో దోసెలు తింటారంటే? మీ అత్త గోదారి పొంగిన ఏడు కూడా అర గరిటె మానలేదు. నువ్వు బాగుపడ్డావులే."

వెనకున్నవాళ్ళు తమ గిన్నెల్లోకి చూసుకున్నారు. ప్యాకెట్ పిండి అమ్మే దుకాణం రోడ్డవతలే ఉంది. నెల తిరిగేసరికి డెబ్భై గిన్నెలు ముప్ఫై అయ్యాయి. గిన్నెలు తగ్గాయి కాబట్టి బియ్యం తగ్గించింది. బియ్యం తగ్గాయి కాబట్టి మినప్పప్పు తగ్గింది. పప్పు తగ్గింది కాబట్టి గ్రైండరు తిరిగేది తగ్గింది. బ్యాంకు నుంచి అభినందన పత్రం వచ్చింది. రెండో నెల పద్దెనిమిది గిన్నెలు. ఆ నెల పత్రం మీద రంగుల అంచు కూడా ఉంది. మూడో నెల తొమ్మిది గిన్నెలు మిగిలాయి. మేనేజరుగారు కబురు పెట్టి మరీ పిలిపించుకుని, లేచి నిలబడి చెయ్యి కలపబోయారు.

"మీ వ్యయం ఎనభై ఆరు శాతం తగ్గిందమ్మా. జిల్లాలో ఇంత క్రమశిక్షణ ఎవరూ చూపలేదు."

"అమ్మకాలు కూడా అలాగే తగ్గిపోయినాయండి."

"అది మా విభాగం చూడదు."

"పోన్లెండి. మరి అప్పు ఇప్పించండి, గ్రైండరు తెచ్చేసుకుంటాను. పాపని అక్కడ నిలబెట్టాలంటే రోజూ నాకు ప్రాణం పోతంది."

పరాంకుశరావుగారు జాలిగా చూశారు.

"రోజుకు తొమ్మిది గిన్నెల పిండికి నలభై వేల గ్రైండరా? విధానం ప్రకారం అది అనవసర వ్యయం. ఇన్నాళ్ళు కష్టపడి క్రమశిక్షణ తెచ్చుకుని, ఇప్పుడు అనవసర వ్యయానికి దిగుతారా? మిమ్మల్ని మేము చెడగొట్టలేం."

"ఖర్చున్నప్పుడు ఖర్చుందని ఇవ్వలేదండి. ఖర్చు తగ్గాక అవసరం లేదంటన్నారు."

"అర్థం చేసుకున్నారు" అన్నారాయన సంతోషంగా. "చాలామందికి ఇది బోధపడదు."

మర్నాటి పొద్దున్న హారిక కదలకుండా నిలబడిపోయింది.

సత్యవేణి ఒక్క క్షణం ఆగింది. ముందురోజే ఆలోచనలో ఉన్న పిల్లని కొట్టి తిట్లు తిన్నది. కాని హారిక పళ్ళు బిగుసుకుని ఉన్నాయి, వేళ్ళు తొట్టి అంచుకి అతుక్కుపోయి ఉన్నాయి. సత్యవేణి కొట్టింది. మళ్ళీ కొట్టింది. పిల్లా, పీటా, పిండీ కలిసి నేల మీద పడ్డాయి.

హారికకి ఊపిరి అందాక మొదట అన్నమాట, "ఈసారి నిజమేనమ్మా."

ఆసుపత్రిలో డాక్టరుగారు గుండె చూసి ఫరవాలేదన్నారు. కర్ర తగిలిన చేతికి కట్టు కట్టారు. ఇంటికొచ్చి సత్యవేణి ప్లగ్గు పీకి, వైరు కత్తిపీటతో మూడు ముక్కలు కోసి, ముక్కల్ని వేరువేరు చోట్ల పారేసింది. తర్వాత పెరట్లో కోళ్ళు నీళ్ళు తాగుతున్న అత్తగారి రుబ్బురోలు బోర్లించి కడిగింది.

ఇక బ్యాంకు ఏమనుకుంటే ఏం. వారంలో రోటిపిండి సంగతి వీధంతా పాకింది. భాస్కరమ్మ మొదటి రోజే వచ్చి గిన్నె పట్టుకుని చూసింది. అర గరిటె పడింది. భాస్కరమ్మ నవ్వలేదు గాని, "మీ అత్త పిండి ఇంకాస్త పులిసేది" అని వెళ్ళింది. అదే ఆవిడ మెచ్చుకోలు. గిన్నెలు నలభై దాకా చేరాయి. అంతకుమించి రుబ్బడానికి సత్యవేణి రెట్టలు ఒప్పుకోలేదు.

సరిగ్గా అప్పుడే రిజిస్టరు పోస్టులో ఒక కవరు వచ్చింది. 'శ్రీమతి కొసరు, కేరాఫ్ మేడిశెట్టి సత్యవేణి.' లోపల, శ్రీమతి కొసరుకు నాలుగు లక్షల రూపాయల రుణం మంజూరైందని, పదిహేను రోజుల్లో స్వయంగా వచ్చి సంతకం చేయాలని ఉంది.

సత్యవేణి ఆ కాగితం పట్టుకుని బ్యాంకుకి పరిగెత్తింది. మేనేజరుగారు ఫైలు తెరిచి గర్వంగా చూపించారు.

"మీ దరఖాస్తులోంచే ఈవిడ బయటపడింది. జీతం లేదు, అద్దె లేదు, కరెంటు లేదు, గ్రైండరు లేదు. మూడు నెలలుగా పని కూడా లేదు. వ్యయం సున్నా. రాష్ట్రం మొత్తం మీద ఈ విధానానికి పూర్తిగా సరిపోయిన రుణగ్రహీత ఈవిడ ఒక్కరే. అందుకే అడక్కుండానే ఇచ్చారు."

"కొసరంటే మనిషి కాదు కదండీ. తమరిది ఈ పక్క పెరవలే కదా, తమకి తెలీదాండి?"

"నాకు తెలుసమ్మా. నాకు తెలియడం వేరు, ఫైలుకి తెలియడం వేరు."

"పోనీ అందులో నలభై వేలు నాకివ్వండి."

"మీరు ఖర్చులున్న మనిషి" అని ఆయన తల అడ్డంగా ఊపారు. తర్వాత గొంతు తగ్గించారు. "ఇంకో చిక్కుంది. ఈవిణ్ణి తొలగించానని మీరు రాసిచ్చారు. ఆ తర్వాత ఈవిణ్ణి ఎవరూ చూడలేదు. గడువులోగా రాకపోతే మనిషి ఏమైపోయిందని పైవాళ్ళు అడుగుతారు. తొలగించింది మీరు. మేము పోలీసులకి రాయాల్సి ఉంటుంది."

సత్యవేణికి ఇంటికెలా వచ్చిందో తెలియదు. పుట్టని మనిషిని మాయం చేసినందుకు ఎన్నేళ్ళు పడుతుందో, తను లోపలుంటే హారిక ఒక్కతీ రోలు దగ్గర ఎలా ఉంటుందో, ఈ మాట విని లారీలో ఉన్న మనిషి స్టీరింగు వదిలేస్తాడేమో. పదమూడు రోజులు ముద్ద దిగలేదు. వీధిలోకి ఖాకీ చొక్కా వస్తే ఆటోడ్రైవరైనా సరే తలుపేసుకుంది. హారిక, "కొసరుని చంపావని ఎవరంటారే అమ్మా" అంటే, "ఫైల్లో అంటారు" అంది.

పద్నాలుగో రోజు పొద్దున్న, వరసలో భాస్కరమ్మ వెనక, పరాంకుశరావుగారు నిలబడి ఉన్నారు. లుంగీ, భుజాన తువ్వాలు, చేతిలో స్టీలు గిన్నె. రోటిపిండి తెమ్మని ఇంట్లో పంపారట. సత్యవేణి మూడు గరిటెలూ కొలిచి పోసింది. ఆయన డబ్బులిచ్చారు.

గిన్నె మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఒక క్షణం గడిచింది. ఇంకో క్షణం గడిచింది. గిన్నె అక్కడే ఉంది. సత్యవేణి గిన్నె వంక చూసింది, ఆయన మొహం వంక చూసింది. ఏనాడూ ఎవర్నీ ఎదిరించి ఎరగని మనిషికి, భయంలో ఉన్నప్పుడు మాత్రం ఎక్కడలేని తెలివీ వస్తుంది.

"ఏం కావాలండి?"

"అదే... కొసరు."

"ఆవిడ కోసమే పదమూడు రోజులుగా నిద్రలేదండి నాకు. ఇప్పిస్తాను. ఇచ్చినట్టు తమరో ముక్క రాసివ్వండి."

"అర గరిటె పిండికి కాగితమా?"

"నాకు తెలియడం వేరండి, ఫైలుకి తెలియడం వేరు."

భాస్కరమ్మ, "రాయండి బాబూ, అవతల మా ఇంట్లో పెనం కాలిపోతంది" అంది. వెనక పాతికమంది గిన్నెలతో కదిలారు. హారిక పెన్నూ, నోటుపుస్తకంలోంచి చింపిన కాగితమూ తెచ్చి ముందు పెట్టింది. పరాంకుశరావుగారు గిన్నె ఒక చేత్తో పట్టుకునే రాశారు: 'సదరు కొసరు ఈ దినం ఉదయం సత్యవేణి గారి వద్ద నాకు క్షేమంగా ముట్టినది.' కింద సంతకం, హోదా. సత్యవేణి తేదీ కూడా వేయించుకుంది. అప్పుడు అర గరిటె వంచింది.

ఆ కాగితానికి మూడు నకళ్ళు తీయించి ఒకటి జిల్లా ఆఫీసుకి రిజిస్టరు పోస్టులో పంపింది, ఒకటి దేవుడి వెనక పెట్టింది, ఒకటి రవికెలో ఉంచుకుంది.

ఇరవై రోజులకి పైనుంచి జవాబు వచ్చింది, సత్యవేణికి కాదు. శ్రీమతి కొసరును ఆఖరుసారి తీసుకువెళ్ళిన వ్యక్తి మేనేజరుగారేనని సంతకంతో రుజువైనందున, నాలుగు లక్షల రుణగ్రహీతను ఎక్కడ ఉంచారో, ఆమె ప్రస్తుత స్థితి ఏమిటో వారంలోగా తెలియజేయాలని. వారం దాటింది, నెల దాటింది. ఆమెను అదే పూట రెండు దోసెలుగా వేసుకుని అల్లప్పచ్చడితో తిన్నామని రాయడానికి తగిన గడి పరాంకుశరావుగారికి ఆ పత్రంలో ఇంకా దొరకలేదని బ్యాంకు అటెండరు పిండికొచ్చినప్పుడు చెప్పాడు.

సత్యవేణి విని, "పాపం, ఆయనకీ పిల్లలున్నారు" అని అతని గిన్నెలో అర గరిటె వేసింది. వేసి, పేరు రాయించుకుంది.

గ్రైండరు మూలన పడి ఉంది. దాని మీద బ్యాంకువాళ్ళిచ్చిన అభినందన పత్రాలు, వాటి మీద మినపపొట్టు చేట. హారిక రోలు ముందు కూర్చుని పొత్రం తిప్పుతుంటే, తల్లి ఎదురుగా కూర్చుని పిల్ల వేళ్ళ వంకే చూస్తుంటుంది. పొత్రం కింద వేలు పడితే ఏం చేయాలో ఇంకా ఎవరూ చెప్పలేదు. అంచేత ప్రస్తుతానికి అప్పడాల కర్రే పట్టుకుంటోంది.